అరవై శాతం బ్లాక్ అంటే ఎంత అడ్డు?

మా నాయన అలిపిరి మెట్ల దారిలో గాలిగోపురం చేరకముందే రెండుసార్లు కూర్చున్నాడు. ఏటా ఎక్కే మనిషి. ఛాతీ మధ్యలో ఎవరో గుప్పిట పట్టి పిండినట్టుందని, కూర్చున్న ఐదు నిమిషాలకు తగ్గిపోయిందని కొండ దిగాక చెప్పాడు. వయసు 63, పన్నెండేళ్లుగా షుగరు. ఈసీజీ, ఎకో మామూలుగానే వచ్చాయి. గుండె రక్తనాళాలకు సీటీ స్కాన్ తీస్తే మాత్రం రిపోర్టులో ఒక వాక్యం వచ్చింది. గుండె ముందు భాగం మీదుగా కిందికి దిగే పెద్ద ధమని ఉంటుంది, డాక్టర్లు ఎల్‌ఏడీ అంటారు. అందులో 60 శాతం పూడిక, పక్కనే కాల్షియం.

ఆ సాయంత్రానికి ఆ అరవై మా చుట్టాలందరికీ చేరిపోయింది. పీలేరు నుంచి అత్త ఫోన్ చేసి సగానికి పైగా మూసుకుపోయిందంట కదా అని ఏడ్చింది. చిత్తూరులో ఉండే చిన్నాయన, ఆలస్యం చేయకుండా రేపే స్టెంట్ వేయించమన్నాడు. ఇంత టెన్షన్ మధ్యలో నాయన ఒక్కడే సరైన ప్రశ్న అడిగాడు. "అరవై శాతం మూసుకుపోయుంటే, ఇట్లా కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా నొప్పి రావాలి గదా? ఎందుకు రాలేదు?"

నా ఉద్యోగం పైపుల్లో నీళ్ల లెక్కలు వేయడం. రక్తనాళాల లెక్క కూడా ఆ దారిదే కాబట్టి, ఈ ప్రశ్న వెనక ఎంత శాస్త్రం ఉందో నాకు కొంత తెలుసు. ఇంటింటా "ఎంత శాతం బ్లాక్?" అని మాత్రమే అడుగుతున్నారు కాబట్టి ఇది రాయాలనిపించింది.

ముందు ఆ శాతం సంగతి చూద్దాం. రిపోర్టులో శాతం అంటే సాధారణంగా నాళం వ్యాసంలో ఎంత తగ్గిందో చెప్పే అంకె. 3 మిల్లీమీటర్ల నాళం 60 శాతం ఇరుకైతే మిగిలేది 1.2 మిల్లీమీటర్లు. సన్నని గొట్టాల్లో ద్రవం ఎట్లా పారుతుందో 1840ల్లో కొలిచి చెప్పిన ఫ్రెంచి డాక్టరు పాజేయ్. రక్తప్రసరణ మీద ఆసక్తితోనే ఆయన ఆ ప్రయోగాలు చేశాడు. ఆయన సూత్రం ప్రకారం ప్రవాహానికి గొట్టం పెట్టే అడ్డు, దాని వ్యాసం నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. వ్యాసం సగమైతే ఆ ముక్క అడ్డు పదహారు రెట్లు పెరుగుతుంది. 60 శాతం పూడికలో మిగిలింది 0.4 వంతు కాబట్టి, ఆ ముక్క వరకు అడ్డు 39 రెట్లు. అంకె చూస్తే గుండె జారిపోతుంది. మరి నాయన కుర్చీలో కూర్చుని ప్రశాంతంగా కాఫీ ఎట్లా తాగుతున్నాడు?

దీనికి జవాబు నాకు పుస్తకంలో కంటే ముందు బంగారుపాళ్యం దగ్గర మా మామ మామిడి తోటలో కనిపించింది. బెంగుళూరా చెట్లకు డ్రిప్పు వేయించాడు. బోరు నుంచి మెయిన్ లైను, దాన్నుంచి సబ్‌మెయిన్, దాన్నుంచి వరసకొకటి సన్నని నల్ల పైపులు, చెట్టు మొదట్లో డ్రిప్పర్లు. ఒకరోజు నల్ల పైపు ఒకటి మొదట్లో మడతపడి, దాదాపు సగం నొక్కుకుపోయింది. నేను కంగారుపడి చూపిస్తే మామ ఆ వరస చివరికి తీసుకెళ్లాడు. చివరి చెట్టు దగ్గర కూడా డ్రిప్పరు ఎప్పటిలాగే బొట్టు బొట్టుగా కారుతోంది. "చూడప్పా, బొట్లు పడేదానికి ఈ మడత ఏం చేస్తుంది" అన్నాడు. ఆ తరవాత పైపు కడగడానికని చివర మూత విప్పాడు. మడత లేని పక్క వరసలో మూత విప్పితే నీళ్లు జివ్వున ఎగిరి మూడడుగుల దూరం పడ్డాయి. మడతపడిన వరసలో పాదాల దగ్గరే కారాయి.

గుండెలో జరిగేది ఇదే. డ్రిప్పు వరసలో నీళ్లకు అసలైన అడ్డు డ్రిప్పర్ల సన్నని రంధ్రాలు. పైపు మడత వాటితో పోలిస్తే చిన్నది. గుండె కండరానికి రక్తం తెచ్చే కరోనరీ నాళాల్లో కంటికి కనిపించే పెద్దవి కూడా ఆరోగ్యంగా ఉన్నప్పుడు రక్తానికి పెట్టే అడ్డు చాలా తక్కువ. అడ్డులో పెద్ద వాటా గుండె కండరం లోపల ఉండే, ఏ స్కాన్‌కూ అందని సూక్ష్మనాళాలది. డ్రిప్పరుకు లేని తెలివి వాటికి ఉంది. పైన ఇరుకైతే అవి తమంతట తామే వెడల్పవుతాయి, కండరానికి అందాల్సింది అందేలా చూస్తాయి. విశ్రాంతిలో గుండె కండరానికి నిమిషానికి పావు లీటరు రక్తం చాలు. ఆ కొంచెం కోసం సూక్ష్మనాళాలు కాస్త సర్దుకుంటే సరిపోతుంది. అమెరికాలో లాన్స్ గౌల్డ్ 1974లో కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో, విశ్రాంతిలో ఉన్నప్పుడు వ్యాసం దాదాపు 85 శాతం ఇరుకయ్యేదాకా ప్రవాహం తగ్గలేదు. అదే నాళాలను మందుతో పూర్తిగా వెడల్పు చేసి గరిష్ఠ ప్రవాహం చూస్తే, సగం పూడిక దగ్గరికి వచ్చేసరికే తేడా బయటపడింది.

మెట్లెక్కడం అంటే మామ మూత విప్పినట్టు. కండరం మూడు నాలుగు రెట్లు రక్తం అడుగుతుంది, సూక్ష్మనాళాలు పూర్తిగా తెరుచుకుంటాయి. అప్పుడు పూడిక దగ్గర రెండు రకాల నష్టం జరుగుతుంది. ఇరుకులో గోడలకు రాసుకోవడం వల్ల పోయే ఒత్తిడి ప్రవాహంతో సమానంగా పెరుగుతుంది. ఇరుకులోంచి వేగంగా దూసుకొచ్చిన రక్తం అవతల వెడల్పులో సుడులు తిరిగి పోగొట్టుకునే ఒత్తిడి ప్రవాహం వర్గంతో పెరుగుతుంది. ప్రవాహం మూడింతలైతే మొదటిది మూడు రెట్లు, రెండోది తొమ్మిది రెట్లు. కూర్చున్నప్పుడు ఉలుకూ పలుకూ లేని పూడిక గాలిగోపురం దగ్గర ఎందుకు పట్టుకుంటుందో ఈ తొమ్మిది చెబుతుంది.

కాబట్టి డాక్టరుకు నిజంగా కావాల్సింది ఇది: గుండె గరిష్ఠంగా రక్తం అడిగినప్పుడు, పూడిక దాటాక ఎంత ఒత్తిడి మిగులుతోంది? నెదర్లాండ్స్‌కు చెందిన నికో పైల్స్, బెల్జియానికి చెందిన బెర్నార్డ్ డి బ్రైన్ 1990ల్లో దీన్ని ఒక కొలతగా తెచ్చారు. దాని పేరు ఎఫ్‌ఎఫ్‌ఆర్. కాథ్ ల్యాబ్‌లో, అంటే గుండె దాకా సన్నని గొట్టం పంపి పరీక్షించే గదిలో, 0.36 మిల్లీమీటర్ల మందం తీగను పూడిక దాటించి అవతల ఒత్తిడి కొలుస్తారు. అడినోసిన్ అనే మందు ఇచ్చి సూక్ష్మనాళాలను తెరిపిస్తారు. పూడికకు ముందు 100 ఉండి తరవాత 78 ఉంటే ఎఫ్‌ఎఫ్‌ఆర్ 0.78. అంకె 0.80 లేదా అంతకన్నా తక్కువైతే ఆ పూడిక కండరానికి నిజంగా కరువు తెస్తోందని లెక్క.

ఒకటి కంటే ఎక్కువ నాళాల్లో పూడికలున్న 1,005 మంది మీద జరిగిన ఫేమ్ అధ్యయనం 2009లో వెలువడింది. యాంజియో (నాళాల్లోకి రంగు మందు పంపి తీసే ఎక్స్‌రే) కంటితో చూసి స్టెంట్లు వేసినవారిలో ఏడాదిలోగా మరణం, గుండెపోటు, మళ్లీ ప్రక్రియ అవసరం కావడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి జరిగింది 18.3 శాతం మందికి. తీగతో కొలిచి, అవసరమైన చోట మాత్రమే వేసినవారిలో 13.2 శాతం. అదే అధ్యయనంలో, కంటికి 50 నుంచి 70 శాతంగా కనిపించిన పూడికల్లో నిజంగా ప్రవాహాన్ని దెబ్బతీస్తున్నవి మూడింట ఒక వంతు, అంటే 35 శాతం మాత్రమే. నాయన అరవై సరిగ్గా ఈ గుంపులోది. ఈ ఒక్క అంకెను ఆ రాత్రి మా అత్తకు మూడుసార్లు చెప్పాను.

ఇప్పుడు కంప్యూటర్ సంగతి. తీగ పెట్టాలంటే మణికట్టులోంచో తొడలోంచో గుండె దాకా గొట్టం పంపాలి. సీటీ స్కాన్‌కు అది అక్కర్లేదు. నాళం ఆకారం సీటీలో ఎలాగూ ఉంది, ద్రవాలు ఎట్లా పారతాయో సమీకరణాలు ఉన్నాయి, మరి ఒత్తిడిని లెక్కగట్టలేమా? స్టాన్‌ఫర్డ్‌లో చార్లెస్ టేలర్ బృందం ఏళ్ల తరబడి పట్టుకున్న ప్రశ్న ఇది. దాన్నుంచి పుట్టిన హార్ట్‌ఫ్లో కంపెనీ పద్ధతికి 2014 నవంబరులో అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. 2017లో బ్రిటన్‌లో ఏ వైద్యం వాడాలో సూచించే నైస్ సంస్థ కూడా సిఫారసు చేసింది.

లెక్క మొదలయ్యేది బొమ్మ నుంచి. సీటీ ముక్కల్లోంచి బృహద్ధమని మొదలు, దాన్నుంచి విడిపోయే కరోనరీ కొమ్మలన్నిటినీ గోడ అంచు వెంట గీసి, చెట్టులాంటి త్రీడీ ఆకారం తీస్తారు. దాని లోపలి ఖాళీని లక్షలాది చిన్న ముక్కలుగా విడగొడతారు. ప్రతి ముక్కలో రక్తం ఎటు ఎంత వేగంతో పోతోంది, అక్కడ ఒత్తిడెంత అన్నది కనుక్కోవాలి. వాడే సమీకరణాల పేరు నేవియర్-స్టోక్స్. 1822లో నేవియర్, 1845లో స్టోక్స్ ఇచ్చిన రూపం. పేరు పెద్దదైనా లోపలున్నది న్యూటన్ చెప్పిన మాటే: ప్రతి ద్రవపు ముక్క మీద ఒత్తిడి తేడా ఎంత నెడుతోంది, పక్క పొర ఎంత పట్టి లాగుతోంది, దానివల్ల అది ఎంత వేగం పుంజుకుంటోంది. వీటికి అన్ని సందర్భాల్లోనూ సక్రమమైన పరిష్కారం ఉంటుందని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. 2000లో క్లే గణిత సంస్థ దానికి పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది, అది ఇంకా అట్లాగే ఉంది. కానీ కరోనరీ నాళాల్లో ప్రవాహం చాలావరకు పొరలు పొరలుగా, నెమ్మదిగా సాగేదే కాబట్టి, కంప్యూటర్లు అంకెల్లో దీన్ని బాగానే పరిష్కరిస్తాయి. ఇక్కడ కష్టం సమీకరణాలది కాదు.

కష్టం అంచుల దగ్గర ఉంది. తోట మ్యాపు ఎంత చక్కగా గీసినా, బోరు ఎంత ఒత్తిడితో ఎక్కిస్తోంది, ప్రతి వరస చివర డ్రిప్పర్లు ఎంత అడ్డుతున్నాయి అన్నది తెలియకపోతే ఒక్క పైపులో కూడా ప్రవాహం చెప్పలేం. సీటీలో సుమారు ఒక మిల్లీమీటరు దాకా నాళాలు కనిపిస్తాయి, ఆ తరవాత అంతా చీకటి. అసలు అడ్డంతా ఆ చీకట్లోనే ఉందని పైన చెప్పుకున్నాం. ఈ చిక్కు విప్పిన తీరే ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం.

గుండె కండరం ఎంత ఉంటే విశ్రాంతిలో దానికి అంత రక్తం కావాలి. కండరం పరిమాణం అదే సీటీలో కనిపిస్తుంది. కాబట్టి మొత్తం ప్రవాహం దొరికింది. దాన్ని కొమ్మల మధ్య పంచాలి. ఎక్కువ కండరాన్ని పోషించే కొమ్మ లావుగా పెరుగుతుంది. 1926లో సెసిల్ ముర్రే అనే శాస్త్రవేత్త దీనికి ఒక లెక్క ఇచ్చాడు: తల్లి నాళం వ్యాసం ఘనం, పిల్ల నాళాల వ్యాసాల ఘనాల మొత్తానికి సమానం. 4 మిల్లీమీటర్ల నాళం రెండు సమాన కొమ్మలైతే ఒక్కోటి సగం, అంటే 2 మిల్లీమీటర్లు కాదు, దాదాపు 3.2. అట్లా ప్రతి కొమ్మ లావును బట్టి దాని అవతల కనిపించని సూక్ష్మనాళాల అడ్డును అంచనా కడతారు. రక్తపోటు చేతికి పట్టీ కట్టి కొలిచిందే. చివరగా అడినోసిన్ ఇస్తే సూక్ష్మనాళాల అడ్డు సుమారు నాలుగో వంతుకు పడిపోతుందని పాత కొలతల వల్ల తెలుసు కాబట్టి, లెక్కలో ఆ అడ్డును అంత తగ్గించేస్తారు. మనిషి బల్ల మీద ప్రశాంతంగా పడుకున్నప్పటి బొమ్మతో, అతను మెట్లెక్కుతున్నప్పటి గుండెను చూస్తున్నట్టు.

చిన్న చిన్న చిక్కులు ఇంకా ఉన్నాయి. గుండె ముడుచుకున్నప్పుడు తన నాళాలను తానే నొక్కుకుంటుంది కాబట్టి ఎడమ వైపు కరోనరీలో రక్తం ఎక్కువగా పారేది గుండె సడలినప్పుడు. రక్తం నీళ్లకంటే చిక్కన, పైగా వేగాన్ని బట్టి చిక్కదనం మారుతుంది. ఈ పరిమాణం నాళాల్లో వాటివల్ల ఎఫ్‌ఎఫ్‌ఆర్ అంకె పెద్దగా తేడా పడదు.

తేడా పడేది బొమ్మ సరిగ్గా లేనప్పుడు. సీటీలో ఒక చుక్క వెడల్పు అర మిల్లీమీటరు లోపు. అంటే 1.2 మిల్లీమీటర్ల ఇరుకు అడ్డంగా మూడు నాలుగు చుక్కలే. ఆ అంచు గీసేటప్పుడు 1.2కు బదులు 1.0 అని పడిందనుకోండి. పాజేయ్ నాలుగో ఘాతం ఇక్కడ కక్ష తీర్చుకుంటుంది, ఆ ముక్క అడ్డు రెట్టింపవుతుంది. ఒక మిల్లీమీటరులో ఐదో వంతు తప్పుకు రెట్టింపు అడ్డు. అందుకే స్కాన్‌కు ముందు నాళాలు బాగా తెరుచుకోవడానికి నాలుక కింద నైట్రోగ్లిసరిన్ పెడతారు, గుండె వేగం తగ్గడానికి మాత్ర ఇస్తారు, ఊపిరి బిగపట్టమంటారు. పేషెంటు ఆ కాసేపు కదిలితే ఎంత పెద్ద కంప్యూటరైనా చేసేదేమీ లేదు.

కాల్షియం ఇంకో శత్రువు. సీటీలో అది తెల్లగా మెరిసి, ఉన్నదానికంటే పెద్దగా పరుచుకున్నట్టు కనిపిస్తుంది. పక్కనున్న దారి ఇంకా ఇరుకుగా అనిపిస్తుంది. పాత స్టెంట్ ఉంటే లోహం వల్ల అదే సమస్య. ఇంతకుముందు గుండెపోటు వచ్చి కండరం కొంత మచ్చకట్టి ఉంటే, అది అడిగే రక్తం తక్కువ, లెక్క మాత్రం బతికున్న కండరంగానే అనుకోవచ్చు. షుగరు వల్ల సూక్ష్మనాళాలు పాడైనవాళ్లలో అవి పూర్తిగా తెరుచుకోవు, లెక్క మాత్రం తెరుచుకుంటాయనే నమ్ముతుంది. మన జిల్లాల్లో షుగరు లేని ఇల్లు తక్కువ కాబట్టి దీన్ని గట్టిగా చెబుతున్నాను.

ఇన్ని ఊహలున్నా ఫలితం ఎంత నమ్మొచ్చు? 254 మంది మీద చేసిన ఎన్‌ఎక్స్‌టీ అధ్యయనంలో తీగ కొలతతో పోల్చి చూశారు. కంప్యూటర్ లెక్క నిజంగా ఇబ్బంది ఉన్నవాళ్లలో 86 శాతం మందిని, లేనివాళ్లలో 79 శాతం మందిని సరిగ్గా గుర్తించింది. మామూలు సీటీ చూపుతో పోలిస్తే ఇది చాలా మెరుగు, ముఖ్యంగా అక్కర్లేని యాంజియోలు తప్పించడంలో. కానీ 0.79 వస్తే స్టెంట్, 0.81 వస్తే ఇంటికి అని గీత గీసి చదవకూడదు. గీతకు అటూ ఇటూ ఉన్నప్పుడు మనిషి లక్షణాలు, పూడిక ఉన్న చోటు చూసే నిర్ణయించాలి. ఇంకో సంగతి, ఆరోగ్యకరమైన నాళంలో కూడా చివరికి పోయేకొద్దీ అంకె కొంచెం కొంచెం తగ్గుతుంది. ఈ అంకెలను రంగుల్లో చూపే రిపోర్టు బొమ్మలో చివర ఎర్రగా ఉందని భయపడొద్దు. పూడిక దాటిన ఒకటి రెండు సెంటీమీటర్ల దగ్గర ఎంత ఉందన్నదే చూడాలి.

సీటీ బదులు యాంజియో వీడియోల నుంచే ఇట్లాంటి అంకె తీసే పద్ధతి క్యూఎఫ్‌ఆర్. చైనాలో పెద్ద అధ్యయనంలో అది మంచి ఫలితమిచ్చింది. యూరప్‌లో 2024లో తీగ కొలతతో నేరుగా పోల్చినప్పుడు మాత్రం దానికి సాటి రాలేకపోయింది. తీగ ఉన్నచోట తీగే మేలు అనుకోవడానికి నాకు ఇది చాలు.

ఏ లెక్కా చెప్పలేనిది ఒకటుంది: ఏ పూడిక ఎప్పుడు చిట్లి గుండెపోటు తెస్తుందో. ప్రవాహానికి అడ్డం రాని చిన్న పూడిక కూడా చిట్లి, దాని మీద గడ్డకట్టి నాళాన్ని మూసేయవచ్చు. కొమ్మలు చీలే చోట్ల రక్తం గోడను తక్కువగా రాసుకుంటూ పోతుంది, కొవ్వు అక్కడే పేరుకోవడం ఎక్కువ. ఈ రాపిడిని కంప్యూటర్‌లో గీసి, ఏ పూడిక ముదురుతుందో ముందే కనిపెట్టాలని పరిశోధనలు జరుగుతున్నాయి. రోజువారీ వైద్యానికి అది ఇంకా రాలేదు. అందుకే ఎఫ్‌ఎఫ్‌ఆర్ ఎంత బాగున్నా కొలెస్ట్రాల్ మాత్ర మానకూడదు. కూర్చున్నప్పుడే ఛాతీనొప్పి వస్తే, చెమటలు పట్టి ఎడమ చేతికో దవడకో పాకితే, ఈ లెక్కలేవీ వర్తించవు. వెంటనే ఎమర్జెన్సీకి పోవాలి.

ఎస్వీ యూనివర్సిటీలోనో ఏర్పేడు ఐఐటీలోనో చదివే పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, సిమ్‌వాస్కులర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అదీ స్టాన్‌ఫర్డ్‌లో టేలర్ బృందం దగ్గర మొదలైందే. సీటీ బొమ్మ నుంచి ప్రవాహం దాకా మొత్తం దారి అందులో నడిచి చూడొచ్చు. ఒకసారి మీ చేత్తో అంచు గీసి, దాన్ని ఒక చుక్క జరిపి మళ్లీ లెక్కకట్టి చూడండి.

నాయన విషయానికొస్తే, పూడిక పక్కనే కాల్షియం మెరుస్తోంది కాబట్టి సీటీ మీద లెక్క నమ్మలేమని, తీగతోనే కొలుద్దామని డాక్టరు గారు అన్నారు. మణికట్టులోంచి పంపారు. అడినోసిన్ ఎక్కుతుండగా ఒక నిమిషం పాటు ఛాతీ బరువెక్కి ముఖం వేడెక్కిందని, మెట్ల మీద వచ్చింది కొంచెం ఇట్లాంటిదేనని నాయన చెప్పాడు. బయటికొచ్చాక డాక్టరు గారు స్క్రీన్ మీద రెండు గీతలు చూపించారు, ఒకటి పైన, ఇంకోటి దానికి కాస్త కింద. స్టెంట్ అక్కర్లేదన్నారు. మెట్ల మీద నొప్పి షుగరు వల్ల సూక్ష్మనాళాల్లోంచి వస్తుండొచ్చని, దానికి మాత్రలున్నాయని, ఈ ఏడు మాత్రం కొండకు బస్సులో పొమ్మని చెప్పారు.

ఇంటికొచ్చాక నాయన ఫైలు తీసి, సీటీ రిపోర్టులో 60 శాతం అన్న చోట పక్కనే బాల్‌పెన్నుతో 0.84 అని రాసుకున్నాడు. దాని కింద మాత్రలు వేసుకోవాల్సిన టైములు. అత్తకు ఫోన్ కలిపి తనే ఆ అంకె చదివి వినిపించాడు. ఆమె "అంటే ఎంత శాతంరా?" అని అడుగుతోంది, ఆయన మామిడి తోటలో డ్రిప్పు దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.